1125లో పుట్టిన స్కూలు 2011లో తెరిచినట్టు ఎందుకు కనిపిస్తోంది?

ప్రశ్న: మా వారికి ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉద్యోగం వచ్చింది. 2026 ఏప్రిల్‌లో వెళ్తున్నాం. బాబు పుట్టింది 2016 ఆగస్టు 20న. ఇక్కడ నాలుగో తరగతి పూర్తి కావస్తోంది. పాప రెండో తరగతి. అక్కడే ఉంటున్న మా ఆడపడుచు 'రెడింగ్ స్కూల్' గురించి చాలా గొప్పగా చెబుతోంది. వివరాలు వెతికితే తల తిరిగిపోయింది. ఒకచోట 1125లో స్థాపించారని ఉంది, ప్రభుత్వ రికార్డులో 2011లో తెరిచారని ఉంది. ఒకరు పబ్లిక్ స్కూల్ అంటారు, ఇంకొకరు ఫీజే లేదంటారు. హాస్టల్ కూడా ఉందట. అసలిది ఎలాంటి స్కూలు? ఒక స్కూలు చరిత్ర, వివరాలు చూసి ఏం అర్థం చేసుకోవాలి? మా బాబుకి సీటు కావాలంటే ఏం చేయాలి? — హైదరాబాద్ నుంచి ఒక తల్లి

సమాధానం:

అమ్మా, మీరు చూసిన రెండు తేదీలూ నిజమే. ఫీజు లేదన్నదీ, హాస్టల్ ఉందన్నదీ నిజమే. పబ్లిక్ స్కూల్ అన్నది మాత్రం పొరపాటు. రెడింగ్ స్కూల్ ప్రభుత్వ డబ్బుతో నడిచే మగపిల్లల గ్రామర్ స్కూల్. పదకొండేళ్ల వయసులో పరీక్ష రాయించి పిల్లల్ని తీసుకుంటుంది. పద్దెనిమిదేళ్ల దాకా చదువుంటుంది. ఎక్కువమంది డే స్కాలర్లే, కొద్దిమంది అక్కడే ఉండి చదువుకుంటారు. ముందుగా మీకు చెప్పాల్సిన మాట, మీ చేతిలో ఉన్న సమయం చాలా తక్కువ. చరిత్ర చదివి తీరిగ్గా ఆలోచిద్దామనుకుంటే, పరీక్షకు పేరు నమోదు చేసే గడువు దాటిపోతుంది. ఆ లెక్క కింద విడిగా రాశాం. దాన్ని ఈరోజే చదవండి.

పేర్లతోనే మొదలుపెడదాం, ఎందుకంటే అక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఊరి పేరు ఇంగ్లీషులో 'చదవడం' అనే మాట స్పెల్లింగుతోనే ఉంటుంది గానీ పలకడం రెడింగ్. ఆ ఊళ్లో, చుట్టుపక్కలా ఇదే తరహా పేర్లు ఇంకా ఉన్నాయి. రెడింగ్ బ్లూ కోట్ స్కూల్ 1646లో రిచర్డ్ ఆల్డ్‌వర్త్ ఇచ్చిన ధర్మంతో మొదలైంది. ఇవాళ అది ఫీజులు కట్టే ప్రైవేటు స్కూలు, ఊరి బయట సోనింగ్‌లో ఉంది. అబ్బీ స్కూల్ ఆడపిల్లల ప్రైవేటు స్కూలు. రెడింగ్ స్కూల్ పుట్టింది కూడా ఒక అబ్బీలోనే, అంటే క్రైస్తవ మఠంలోనే, కాబట్టి ఈ రెండిటినీ ఒకటనుకునేవాళ్లున్నారు. జేన్ ఆస్టెన్ చిన్నతనంలో కొంతకాలం చదివింది కూడా ఆ పాత అబ్బీ గేటు దగ్గర నడిచిన ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్లో. దానికీ రెడింగ్ స్కూల్‌కీ సంబంధం లేదు.

పబ్లిక్ స్కూల్ అనే మాట ఇంగ్లండ్‌లో తలకిందులుగా వాడతారు. ఈటన్, హారో, వించెస్టర్ లాంటి పాత ప్రైవేటు స్కూళ్లని అలా అంటారు. ఏ ఊరి పిల్లవాడైనా ఫీజు కట్టి చేరవచ్చు, ఆ ఊరివాడే కానక్కర్లేదు అన్న అర్థంలో వచ్చిన పేరది. మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ కూడా 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం ఈటన్ నమూనాలో మొదలైనదే. అందుకే మన చెవికి ఆ మాట 'పెద్ద ఫీజుల స్కూలు' అనే వినిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ప్రైవేటు స్కూల్ ఫీజుల మీద 2025 జనవరి 1 నుంచి 20 శాతం వ్యాట్ కూడా పడుతోంది. రెడింగ్ స్కూల్లో చదువుకి ఫీజే లేదు కాబట్టి ఆ గొడవ మీకు లేదు.

ఇక చరిత్ర. ఇంగ్లండ్‌లో ఏ పాత స్కూలు గురించి చదివినా స్థాపన సంవత్సరం దగ్గర ఆగిపోకండి. ప్రతి మలుపులోనూ రెండు ప్రశ్నలు వేయండి: డబ్బు ఎవరిచ్చారు? లోపలికి ఎవర్ని రానిచ్చారు? రెడింగ్ స్కూల్‌ని ఆ రెండు ప్రశ్నలతో చూస్తే, ఒకే పేరు కింద కనీసం అయిదారు వేర్వేరు స్కూళ్లు కనిపిస్తాయి.

మొదటి హెన్రీ రాజు 1121లో రెడింగ్ అబ్బీని కట్టించాడు. అది పెద్ద క్రైస్తవ మఠం. దాని నీడలో నడిచిన బడికే 1125 అన్న ఏడాది చెబుతారు. 1486 ప్రాంతానికి అది కుంటుపడింది. ఏడో హెన్రీ రాజు ఊరికి వచ్చిన సందర్భంలో, అబ్బీకి చెందిన సెయింట్ జాన్ సత్రం భవనంలో దాన్ని 'ఫ్రీ గ్రామర్ స్కూల్'గా మళ్లీ నిలబెట్టారు. ఇక్కడ గ్రామర్ అంటే లాటిన్ వ్యాకరణం. అప్పట్లో చర్చికీ కోర్టుకీ విశ్వవిద్యాలయానికీ కావాల్సిన చదువు అదే. ఎనిమిదో హెన్రీ మఠాల్ని రద్దు చేసినప్పుడు, 1539లో, రెడింగ్ చివరి మఠాధిపతి హ్యూ ఫారింగ్‌డన్‌ని ఉరి తీశారు. మఠం పోయింది గానీ బడి మిగిలింది. 1541లో రాజపత్రంతో స్కూలు ఊరి కార్పొరేషన్ చేతికి వచ్చింది. 1560లో మొదటి ఎలిజబెత్ ఇచ్చిన చార్టర్ ప్రకారం హెడ్‌మాస్టర్ జీతం ఇవ్వాల్సిన బాధ్యతా, అతన్ని నియమించే అధికారమూ కార్పొరేషన్‌వే. మఠం బడి మున్సిపాలిటీ బడి అయిందన్నమాట.

ఆ కాలపు విద్యార్థుల్లో పేరున్నవాడు విలియం లాడ్. రెడింగ్‌లో బట్టల వ్యాపారి కొడుకు. 1633లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడు, 1645లో పార్లమెంటు అతని తల తీయించింది. ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీని స్థాపించిన సర్ థామస్ వైట్ కూడా రెడింగ్‌లో పుట్టినవాడే. తన కాలేజీలో రెడింగ్ స్కూల్ పిల్లలకని చోట్లు కేటాయించాడు. లాడ్ చదివింది ఆ కాలేజీలోనే. ఒక వ్యాపారి కొడుకు అంత ఎత్తుకు ఎలా వెళ్లాడన్న ప్రశ్నకు జవాబు సగం ఇందులోనే ఉంది.

రిచర్డ్ వాల్పీ 1781 నుంచి 1830 వరకూ, దాదాపు యాభై ఏళ్లు, హెడ్‌మాస్టర్. గ్రీకు, లాటిన్ పాఠ్యపుస్తకాలు రాసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు, స్కూలు నిండిపోయింది. ఆయన తర్వాత ఏమైందో చూడండి. 1866లో తనిఖీకి వచ్చినవాళ్లు ఎంతమంది పిల్లలున్నారని అడిగితే వచ్చిన జవాబు: ముగ్గురు. స్కూలు మూతపడింది. ఊరి పెద్దల తగాదాలూ, నిర్వహణ లోపమూ కలిసి యాభై ఏళ్ల పేరుని ముప్పై ఆరేళ్లలో తినేశాయి. 'తొమ్మిది వందల ఏళ్ల అవిచ్ఛిన్న సంప్రదాయం' అన్న ధోరణిలో ఎవరైనా చెబితే ఈ ముగ్గురు పిల్లల్ని గుర్తు తెచ్చుకోండి. పేరు కొనసాగింది, స్కూలు మాత్రం ఆగి మళ్లీ మొదలైంది.

1867లో పార్లమెంటు ప్రత్యేకంగా రెడింగ్ స్కూల్ చట్టం చేసి నిర్వహణనీ నిధుల్నీ చక్కదిద్దింది. 1870లో వేల్స్ యువరాజు శంకుస్థాపన చేశాడు, 1871లో ఎర్లీ రోడ్డులో కొత్త భవనాలు తెరిచారు. ఇవాళ మీరు ఫొటోల్లో చూసే ఎర్రిటుకల కట్టడం అదే. దానికి నమూనా గీసిన ఆర్కిటెక్ట్ ఆల్ఫ్రెడ్ వాటర్‌హౌస్. లండన్‌లో నేచురల్ హిస్టరీ మ్యూజియం, మాంచెస్టర్ టౌన్ హాల్ కూడా ఆయనవే. అంటే 1125 అని చెప్పే స్కూల్లో పిల్లలు కూర్చునే పాత గదులు కూడా విక్టోరియా రాణి కాలంవే. మధ్యయుగం నాటి సత్రం భవనం ముక్క ఒకటి ఊరి నడిబొడ్డున సెయింట్ లారెన్స్ చర్చి పక్కన మిగిలి ఉంది.

ఆ తర్వాతి మలుపుల్లో ఈ స్కూలు కథా ఇంగ్లండ్ కథా ఒకటే. 1902 చట్టంతో స్థానిక విద్యా అధికారులు వచ్చారు. 1907 నుంచి సర్కారు గ్రాంటు తీసుకునే సెకండరీ స్కూళ్లు మామూలుగా పాతిక శాతం సీట్లు ప్రాథమిక పాఠశాలల నుంచి వచ్చే పిల్లలకు ఉచితంగా ఇవ్వాలన్న నియమం పెట్టారు. 1915లో కెండ్రిక్ బాయ్స్ స్కూల్ వచ్చి రెడింగ్ స్కూల్లో కలిసింది. 1944 చట్టంతో ఫీజులు పోయాయి, హాస్టల్ ఖర్చు మాత్రం మిగిలింది. ఆ చట్టంతో దేశమంతా పదకొండేళ్లకి పిల్లల్ని విడదీయడం మొదలైంది. పరీక్ష గట్టెక్కినవాళ్లు గ్రామర్ స్కూల్‌కి, మిగతావాళ్లలో ఎక్కువమంది సెకండరీ మోడర్న్ అనే మామూలు బడికి. ఒక్క ఉదయం రాసిన పరీక్ష పిల్లవాడి జీవితాన్ని తేల్చేస్తోందన్న విమర్శ పెరిగి, 1965లో విద్యామంత్రి ఆంథోనీ క్రాస్లండ్ 10/65 అనే సర్క్యులర్ ద్వారా అందర్నీ కలిపి చదివించే కాంప్రహెన్సివ్ స్కూళ్లకి మారమని స్థానిక అధికారుల్ని కోరాడు. అది ఆదేశం కాదు, కోరిక. అందుకే కొన్ని ప్రాంతాలు పూర్తిగా మారాయి, కెంట్ లాంటివి మారలేదు, రెడింగ్‌లో మగపిల్లలకొకటీ ఆడపిల్లలకొకటీ రెండు గ్రామర్ స్కూళ్లు మిగిలాయి. 1998 చట్టం కొత్త గ్రామర్ స్కూళ్లు పెట్టడాన్ని నిషేధించింది. ఇవాళ ఇంగ్లండ్ మొత్తానికి ఉన్నవి 163. ఇంత తక్కువ కాబట్టే పోటీ ఇంత ఎక్కువ.

చివరి మలుపు మీకు చిక్కుముడి అయిన 2011. 2010 అకాడమీల చట్టం కింద బాగా నడుస్తున్న స్కూళ్లు స్థానిక కౌన్సిల్ అజమాయిషీ నుంచి బయటికి వచ్చి, కేంద్ర ప్రభుత్వం నుంచి నేరుగా డబ్బు తీసుకునే వీలు వచ్చింది. మన ఎయిడెడ్ స్కూళ్లు గుర్తున్నాయి కదా. డబ్బు సర్కారుది, యాజమాన్యం ట్రస్టుది. అకాడమీ దాదాపు ఆ పద్ధతే, కాకపోతే ఫీజు వసూలు చేసే హక్కు లేదు. రెడింగ్ స్కూల్ 2011లో అలా మారింది. మారినప్పుడు చట్టరీత్యా పాత స్కూల్ని మూసి కొత్తది తెరిచినట్టు రాస్తారు, కొత్త గుర్తింపు సంఖ్య ఇస్తారు. ప్రభుత్వ రికార్డులో మీరు చూసిన తేదీ అదే.

దీనివల్ల పనికొచ్చే విషయం ఒకటుంది. ప్రభుత్వ స్కూళ్ల రిజిస్టర్‌లో స్కూలు పేరు కొట్టగానే యూఆర్‌ఎన్ అనే గుర్తింపు సంఖ్య కనిపిస్తుంది. పాత తనిఖీ నివేదికలు చాలాసార్లు పాత సంఖ్య కిందే ఉండిపోతాయి. 'ఈ స్కూలుకి పాత రిపోర్టులే లేవు' అని కంగారు పడకుండా, ముందున్న స్కూల్ లింకు నొక్కి చూడండి. అదే పేజీలో ఇంకా చూడాల్సినవి: స్కూలు రకం, వయసుల పరిధి, ఎంపిక పరీక్ష ఉందా లేదా, సామర్థ్యం ఎంత, చేరినవాళ్లు ఎంత, ఉచిత భోజనానికి అర్హులైన పిల్లల శాతం ఎంత. ఈ చివరి అంకె మాకు ముఖ్యంగా కనిపిస్తుంది. తక్కువ ఆదాయపు ఇళ్ల పిల్లలు ఆ స్కూలు గుమ్మం ఎంతవరకు దాటగలుగుతున్నారో అది చెబుతుంది. పక్కన ఉన్న మామూలు స్కూల్ అంకెతో పోల్చి చూడండి. గ్రామర్ స్కూళ్లలో ఇది సాధారణంగా బాగా తక్కువ.

ఫలితాల అంకెల్ని కూడా కాస్త ఆగి చదవాలి. అటెయిన్‌మెంట్ 8 అంటే పదహారేళ్లకి రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో ఎనిమిది సబ్జెక్టుల మార్కుల లెక్క, అందులో లెక్కలకూ ఇంగ్లీషుకూ రెట్టింపు విలువ. గ్రేడ్లు 9 నుంచి 1 దాకా ఉంటాయి, 9 పైది. పరీక్ష పెట్టి మేటి పిల్లల్ని ఏరుకున్న స్కూల్లో ఈ అంకె ఎక్కువ రావడం సహజం, బోధన గొప్పదని దానంతటదే రుజువు కాదు. పిల్లవాడు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరాడో చెప్పేది ప్రోగ్రెస్ 8. కానీ 2025, 2026 ఫలితాలకు అది లేదు. కోవిడ్ వల్ల 2020, 2021లో ప్రాథమిక పాఠశాల చివర పెట్టే శాట్స్ జరగలేదు, పోల్చడానికి మొదటి అంకె లేకుండా పోయింది. కాబట్టి 2024 దాకా ఉన్న అంకెలు చూడండి. తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ విషయానికొస్తే, స్కూలు మొత్తానికి 'అవుట్‌స్టాండింగ్' అని ఒక్క మాటలో తేల్చే పద్ధతి 2024 సెప్టెంబర్‌లో పోయింది. 2025 నవంబర్ నుంచి బోధన, హాజరు, ప్రవర్తన, అందర్నీ కలుపుకుపోవడం లాంటి అంశాలకు విడివిడిగా గ్రేడు ఇస్తున్నారు. ఇంకా 'అవుట్‌స్టాండింగ్' బోర్డు గేటుకి వేలాడుతుంటే, అది ఏ ఏడాది తనిఖీదో అడగండి.

ఇప్పుడు మీ బాబు సంగతి. ఇంగ్లండ్‌లో తరగతి వయసుని బట్టే. సెప్టెంబర్ 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు పుట్టినవాళ్లంతా ఒక తరగతి. మీ బాబు 2016 ఆగస్టు 20న పుట్టాడు కాబట్టి ఏప్రిల్‌లో దిగగానే నేరుగా ఇయర్ 5లో, అదీ తరగతిలో దాదాపు అందరికన్నా చిన్నవాడిగా కూర్చుంటాడు. ఇక్కడ నాలుగు చదివాడు కదా, అక్కడా నాలుగులో వేయండని అడిగితే మామూలుగా వేయరు. పన్నెండు రోజులు ఆలస్యంగా పుట్టి ఉంటే ఏడాది గడువు దొరికేది. ఇప్పుడు ఇయర్ 7, అంటే సెకండరీ స్కూలు, 2027 సెప్టెంబర్‌లోనే మొదలు. ఈ పరీక్షల్లో చాలావరకు వయసుని బట్టి మార్కులు సరిచేస్తారు, ఆగస్టులో పుట్టినందుకు పూర్తిగా నష్టమేమీ లేదు.

దాని నుంచి వెనక్కి లెక్కేయండి. సీటు తెలిసేది 2027 మార్చి 1న. కౌన్సిల్‌కి దరఖాస్తు చివరి తేదీ 2026 అక్టోబర్ 31. పరీక్ష 2026 సెప్టెంబర్‌లో. దానికి పేరు నమోదు వేసవి మొదట్లో, స్కూలు ప్రకటించిన గడువులోపు. అంటే మీరు విమానం దిగి సామాను సర్దుకునేలోపే ఆ గడువు నడుస్తూ ఉంటుంది. ఇంకా హైదరాబాద్‌లో ఉండగానే స్కూలు అడ్మిషన్స్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి మూడు సంగతులు అడగండి: నమోదు ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుంది, ఇండియా అడ్రసుతో నమోదు చేయవచ్చా, సీటు ఇచ్చేటప్పుడు ఏ తేదీ నాటి ఇంటి అడ్రసు లెక్కలోకి తీసుకుంటారు. గడువు దాటాక నమోదు చేసుకున్న పిల్లల్ని చాలా గ్రామర్ స్కూళ్లు మొదటి విడత సీట్లు అయ్యాకే చూస్తాయి, అప్పటికి మిగిలేది ఏమీ ఉండదు.

చదవాల్సిన కాగితం ఒక్కటే: 2027 సెప్టెంబర్ చేరికల అడ్మిషన్ పాలసీ. నిబంధనల ప్రకారం స్కూళ్లు దాన్ని 2026 ఫిబ్రవరి 28లోపు ఖాయం చేసి, మార్చి 15లోపు ప్రచురించాలి. మీ ఆడపడుచు విన్న పాత ఏళ్ల పాలసీ మీకు పనికిరాదు. క్యాచ్‌మెంట్ (స్కూలు పిల్లల్ని తీసుకునే ప్రాంతం) హద్దులు, అర్హత మార్కు, ప్రాధాన్య క్రమం ఏటా మారే వీలుంది. ముందు ఈ స్కూలు పేరు రాసి ఉన్న ప్రత్యేక అవసరాల పత్రం ఉన్న పిల్లలు, ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలు, తర్వాత మిగతావాళ్లు. రెడింగ్ స్కూల్‌కి డే స్కాలర్ల కోసం పోస్ట్‌కోడ్‌ల వారీగా క్యాచ్‌మెంట్ ఉంది. ఇల్లు అద్దెకు తీసుకునే ముందు ఆ జాబితా పక్కన పెట్టుకుని పోస్ట్‌కోడ్ సరిచూడండి. వీధి పేరు చూసి అంచనా వేయొద్దు, ఒక వీధికి రెండు వైపులా రెండు పోస్ట్‌కోడ్‌లు ఉండడం అక్కడ మామూలే. సీటు కోసమని తాత్కాలికంగా అడ్రసు చూపించి తర్వాత దొరికితే, ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకుంటారు.

కౌన్సిల్ దగ్గర ఇంకో మెలిక. బర్క్‌షైర్ జిల్లా కౌన్సిల్‌ని 1998లో రద్దు చేసి ఆరు వేర్వేరు కౌన్సిళ్లకు పని అప్పగించారు. రెడింగ్ ఊరు అనిపించే ఇళ్లలో చాలా పక్క కౌన్సిళ్లలో పడతాయి. ఎర్లీ, లోయర్ ఎర్లీ వోకింగమ్ బరో కిందకి వస్తాయి. టైల్‌హర్స్ట్‌లో కొంత భాగం వెస్ట్ బర్క్‌షైర్. మీరు దరఖాస్తు పెట్టాల్సింది స్కూలున్న కౌన్సిల్‌కి కాదు, మీరు కౌన్సిల్ ట్యాక్స్ కట్టే కౌన్సిల్‌కి. ఆ పన్ను బిల్లే అడ్రసుకి మొదటి సాక్ష్యం కాబట్టి దిగిన వారంలోనే మీ ఇద్దరి పేర్లతో పన్ను ఖాతా తెరవండి.

అన్నిటికన్నా ఎక్కువమంది చేసే పొరపాటు: పరీక్షకు నమోదు చేసి, పిల్లవాడు పాసైతే సీటు వచ్చినట్టే అనుకోవడం. ఇవి రెండు వేర్వేరు ఫారాలు. మొదటిది స్కూలుకి, పరీక్ష కోసం. రెండోది కౌన్సిల్‌కి, సీటు కోసం. రెండో ఫారంలో ఆ స్కూలు పేరు రాయకపోతే ఎన్ని మార్కులొచ్చినా సీటు రాదు. రెండో ఫారంలో కనీసం మూడు స్కూళ్లు రాసే వీలుంటుంది, లండన్ బరోల్లో అయితే ఆరు. కొందరు ఒక్క గ్రామర్ స్కూల్ పేరే రాసి, మిగతావి ఖాళీ వదిలేస్తారు, పట్టుదల చూపిస్తే ఇస్తారేమోనని. అలా ఇవ్వరు. మీరు ఏ వరసలో రాశారో స్కూళ్లకి తెలియదు, ఎవరికి వారు తమ నిబంధనల ప్రకారం జాబితా తయారుచేస్తారు. ఉదాహరణకి మీరు రెడింగ్ స్కూల్ మొదట, దగ్గరి కాంప్రహెన్సివ్ రెండో చోట రాశారనుకోండి. రెండిటికీ అర్హత వస్తే కౌన్సిల్ మొదటిది ఇచ్చి రెండోది తీసేస్తుంది. మొదటిది రాకపోతే రెండో దానికి వీసమెత్తు నష్టం ఉండదు. ఖాళీ వదిలితే మాత్రం, అందరికీ పంచగా ఎక్కడ చోటు మిగిలిందో అక్కడికి, ఒక్కోసారి రెండు బస్సులు మారాల్సిన దూరానికి, పిల్లవాడిని పంపాల్సి వస్తుంది. కాబట్టి నడిచి వెళ్లగలిగే మామూలు స్కూల్ ఒకటి తప్పకుండా రాయండి. దాన్ని ఓటమి లెక్కన చూడకండి. ఆ చుట్టుపక్కల బాగా చదువు చెప్పే కాంప్రహెన్సివ్‌లు ఉన్నాయి, ఎర్లీలోని మెయిడెన్ ఎర్లీ స్కూల్ వాటిలో ఒకటి. స్కూలు తలుపులు తెరిచి చూపించే ఓపెన్ ఈవెనింగ్‌లు జూన్ నుంచి అక్టోబర్ మధ్య ఉంటాయి. బాబుని వెంటబెట్టుకుని రెండు చోట్లా తిరగండి, మరుగుదొడ్లూ లైబ్రరీ చూడండి.

పరీక్షకి సిద్ధం చేయడం గురించి. రెడింగ్ స్కూల్ ఇప్పుడు ఎఫ్‌ఎస్‌సీఈ పేరుతో తయారయ్యే పరీక్ష వాడుతోంది. కోచింగ్‌తో బట్టీ పట్టి గట్టెక్కడం కష్టంగా ఉండాలన్నది దాని వెనకున్న ఉద్దేశం. ప్రశ్నల తీరు ముందే చెప్పరు. ఇండియాలో అమ్మే పాత లెవెన్ ప్లస్ (పదకొండేళ్ల వయసు ఎంపిక పరీక్ష) పుస్తకాల కట్ట కొని తీసుకెళ్లే పని పెట్టుకోకండి. మీ బాబు విషయంలో అసలు కొరత లెక్కల్లో ఉండకపోవచ్చు, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడంలో, సొంత వాక్యాలు రాయడంలో ఉంటుంది. మన బడుల్లో ప్రశ్నకు జవాబు పుస్తకంలోంచి ఎత్తి రాయడం అలవాటు. అక్కడ ఒక పేరా ఇచ్చి, 'ఈ పాత్ర ఎందుకు భయపడింది, ఏ మాట వల్ల తెలిసింది' అని అడుగుతారు. రోజూ ఇరవై నిమిషాలు ఒక కథ చదివించి, మూడు ప్రశ్నలకు సొంత మాటల్లో రాయించండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా అయిదు నెలలుంది, అది తక్కువేం కాదు.

సీటు రాకపోతే అప్పీల్ చేసే హక్కు ఉంటుంది, దానికి కనీసం ఇరవై స్కూలు దినాల గడువు ఇస్తారు. గ్రామర్ స్కూల్ అప్పీల్‌లో పిల్లవాడు ఆ స్థాయి అందుకున్నాడని చదువు ఆధారాలు చూపించాలి. మన స్కూల్ ప్రోగ్రెస్ రిపోర్టులు ఇంగ్లీషులో ఉన్నవి, స్టాంపు వేయించి, వెంట తీసుకెళ్లండి. అక్కడి ఇయర్ 5 టీచర్ రాసే మాటకి ఇంకా ఎక్కువ బరువుంటుంది. వెయిటింగ్ లిస్టు కనీసం డిసెంబర్ 31 దాకా ఉంచాలి. అది ముందు అడిగిన వరస కాదు, నిబంధనల వరస. కొత్తవాళ్లు చేరితే మీ అంకె కిందికీ జారవచ్చు. ఇయర్ 12లో, అంటే పదహారేళ్లు నిండాక, మళ్లీ ఒక తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు జీసీఎస్ఈ గ్రేడ్ల మీద బయటి స్కూళ్ల పిల్లల్నీ తీసుకుంటారు.

హాస్టల్ సంగతి. రెడింగ్ స్కూల్ ప్రభుత్వ బోర్డింగ్ స్కూల్ కూడా. చదువు ఉచితం, ఉండటానికీ తిండికీ డబ్బు కట్టాలి. కానీ బ్రిటన్ పౌరసత్వమో, అక్కడ నివసించే హక్కో ఉన్న పిల్లలకే ఇది వర్తిస్తుంది. తల్లిదండ్రులు హైదరాబాద్‌లో ఉండి పిల్లవాడిని స్టూడెంట్ వీసా మీద అక్కడ చేర్చడం కుదరదు, ప్రభుత్వ స్కూళ్లకి ఆ వీసా ఇవ్వరు. మీ వారి ఉద్యోగ వీసాపై డిపెండెంట్‌గా వెళ్తున్న మీ పిల్లలు మాత్రం మామూలుగా ఏ ప్రభుత్వ స్కూల్లోనైనా చేరవచ్చు.

పాప కోసం గుర్తుపెట్టుకోవాల్సిన పేరు కెండ్రిక్ స్కూల్. ఊళ్లోని రెండో గ్రామర్ స్కూల్, ఆడపిల్లలది. 1624లో చనిపోయిన జాన్ కెండ్రిక్ అనే బట్టల వ్యాపారి పేదలకు పని కల్పించమని రాసిచ్చిన సొమ్ముతో ఊళ్లో ఓరాకిల్ అనే పనిశాల కట్టారు. రెండున్నర శతాబ్దాల తర్వాత ఆ ధర్మనిధే బడుల వైపు మళ్లింది. పనిశాల ఎప్పుడో కూల్చేశారు. మీరు శనివారం సామాన్లు కొనడానికి వెళ్లే ఓరాకిల్ మాల్‌కి ఆ పేరు అక్కడి నుంచి వచ్చిందే. రెడింగ్ స్కూల్ 1125 నుంచి ఉన్నా, ఊళ్లో ఆడపిల్లలకు ఆ స్థాయి బడి 1870ల్లో గానీ రాలేదు. పాపకి ఇంకా సమయం ఉంది, పుట్టిన తేదీని బట్టి పైన చెప్పిన లెక్క వేసుకోండి. కెండ్రిక్ పాలసీ, నమోదు గడువు విడిగా చూసుకోవాలి. రెడింగ్ స్కూల్‌కి చేసిన నమోదు దానికి చెల్లదు.

వెళ్లగానే మొదటి పని, కౌన్సిల్‌లో ఇద్దరికీ మధ్య-సంవత్సరం ప్రాథమిక పాఠశాల దరఖాస్తు. టీసీ ఎవరూ అడగరు, అయినా తీసుకోండి, తిరిగి వస్తే ఇక్కడ అడుగుతారు. పాస్‌పోర్టులు, వీసా ఆధారాలు, పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, టీకాల వివరాలు, అద్దె ఒప్పందం ఒక్క ఫోల్డర్‌లో స్కాన్ చేసి పెట్టుకోండి. స్కూలు అడ్మిషన్స్ ఆఫీసుకి ఈమెయిల్ మాత్రం ఈ వారమే పంపండి. బాబు పుట్టిన తేదీ, 2027 సెప్టెంబర్ ఇయర్ 7 కోసం అన్న మాట మొదటి వాక్యంలోనే రాయండి.